తిరుపతిలో మందు కొట్టకుండా ఏ గులాబీలు నిలుస్తాయి?

మీరు అడిగింది ఇది: కొర్లగుంటలో మిద్దె మీద ఎనిమిది కుండీల్లో గులాబీలు పెట్టారు. కడియం నుంచి లారీలో వచ్చిన మొక్కలు, అన్నీ హైబ్రిడ్ రకాలు. సెప్టెంబరు దాకా బాగా పూశాయి. కార్తీక మాసంలో ముసురు పట్టగానే ఆకుల మీద నల్ల మచ్చలు వచ్చాయి, ఆకులు పండి రాలాయి, ఇప్పుడు ముళ్ళ కొమ్మలు మిగిలాయి. పూలు రోజూ పూజకు కావాలి, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, మందులు కొట్టడం ఇష్టం లేదు. "రోగం రాని రకాల పేర్లు చెప్పండి, ఇవి పీకేసి అవి పెడతాను" అన్నారు.

పేర్లు చెబుతానండి. అయితే ఉన్నవాటిని అప్పుడే పీకెయ్యకండి. ఆకు రాలినంత మాత్రాన గులాబీ చచ్చిపోదు. కొమ్మ తొక్కను గోటితో కొంచెం గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉంది, మళ్ళీ చిగురిస్తుంది. ఇక రోగమే రాని గులాబీ అంటారా, అది ఎక్కడా లేదు. తట్టుకునే గులాబీ ఉంది. అది కూడా ఒక ఊళ్ళో తట్టుకుంటే ఇంకో ఊళ్ళో తట్టుకోకపోవచ్చు. ఇన్నేళ్ళుగా ఇక్కడ గులాబీలు పెంచి, పెంచేవాళ్ళ తోటలు తిరిగి చూసి నేను నమ్మేది ఒకటే. మీ చుట్టుపక్కల ఎవరూ మందు కొట్టని పెరట్లో, నవంబరు చివర్లో కూడా కింది ఆకులు సగానికి పైగా నిలబెట్టుకున్న మొక్క ఏదో, మీకు పనికొచ్చే రకం అదే. అట్ట మీద రాసింది, నర్సరీవాళ్ళు చెప్పింది ఆ తర్వాత.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నల్ల మచ్చ తెగులు పనిచేసే తీరే అలాంటిది. దానికి కారణం డిప్లోకార్పన్ రోజే అనే బూజు జాతి శిలీంధ్రం. దాని బీజాలు గాలికి పెద్దగా ఎగరవు, వాన చినుకు పడి చిందినప్పుడు ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు చేరతాయి. చేరిన బీజం మొలకెత్తి ఆకులోకి దిగాలంటే ఆ ఆకు ఏడు గంటలైనా ఆరకుండా తడిగా ఉండాలి. 18 నుంచి 24 డిగ్రీల వేడిలో అది బాగా సాగుతుంది, 30 దాటితే మందగిస్తుంది. మన తిరుపతి సంగతి చూడండి. మే నెలలో 42 డిగ్రీల ఎండకు ఈ తెగులు కనబడదు. జూన్ నుంచి పడే వానలు ఎక్కువగా సాయంత్రం కురిసి తెరిపిస్తాయి, మరునాడు ఎండకు ఆకు ఆరిపోతుంది. అందుకే మీ మొక్కలు సెప్టెంబరు దాకా బాగున్నాయి. మన పెద్ద వాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు రోజుల తరబడి మబ్బు, రాత్రిళ్ళు 20, 22 డిగ్రీలు, ఆకు ఆరే సందే ఉండదు. ఆ తెగులుకు కావలసినవన్నీ ఒకేసారి దొరుకుతాయి. 2021 నవంబరులో వరదలొచ్చిన వారం తర్వాత ఊళ్ళో చాలా మిద్దెతోటల్లో హైబ్రిడ్ గులాబీలు ఒక్క ఆకు లేకుండా నిలబడ్డాయి. ఆ నెలలో కూడా పచ్చగా ఉన్న కొన్ని మొక్కలను అప్పుడే గుర్తు పెట్టుకున్నాను. తర్వాత నేను ఇతరులకు చెప్పిన రకాలన్నీ దాదాపు వాటిలోవే.

ఇంకో కారణం ఉంది. ఈ శిలీంధ్రం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. దీనిలో రేసులు, అంటే ఉపరకాలు ఉంటాయి, శాస్త్రవేత్తలు పదికి పైగా గుర్తించారు. ఒక గులాబీ కొన్ని రేసులను లోపలికి రానివ్వదు, వేరే రేసు ఎదురైతే లొంగిపోతుంది. అమెరికాలో విలియం ర్యాడ్లర్ తయారు చేసిన నాకౌట్ అనే గులాబీ 2000లో బజారులోకి వచ్చింది. మందు కొట్టక్కర్లేని గులాబీ అని అక్కడ ఊరూరా రోడ్ల పక్కన, షాపుల ముందు నాటారు. నల్ల మచ్చను అది నిజంగానే చాలా బాగా తట్టుకుంటుంది, కానీ దాన్ని కూడా పట్టే రేసులు ఉన్నాయని పరీక్షల్లో తేలింది. జర్మనీలో ఏడీఆర్ అని ఒక పరీక్ష ఉంది. కొత్త రకాలను దేశంలో వేర్వేరు చోట్ల నాటి ఏళ్ళ తరబడి చూస్తారు, 1997 నుంచి ఆ మడుల్లో మందులే వాడరు. గుర్తింపు ఇచ్చిన తర్వాత ఏదైనా రకం తట్టుకునే శక్తి పోగొట్టుకుంటే ఆ గుర్తింపును వెనక్కి తీసుకుంటారు కూడా. నాకు ఆ పద్ధతి మీద చాలా గౌరవం. రెసిస్టెన్స్, అంటే తట్టుకునే శక్తి, ఒకసారి ఇస్తే ఎప్పటికీ ఉండిపోయే బిరుదు కాదని వాళ్ళు ఒప్పుకుంటున్నారు. 1960లో జర్మనీ నుంచే వచ్చిన సూపర్ స్టార్ అనే నారింజ ఎరుపు గులాబీని మన దేశంలో కూడా ఎంతో మోజుగా పెంచారు. తర్వాతి కాలంలో బూడిద తెగులు (ఆకులు పిండి చల్లినట్టు తెల్లబడే ఇంకో తెగులు) తొందరగా పట్టే రకాల్లో ముందుగా చెప్పే పేరు దానిదే అయింది. కాబట్టి ఇంటర్నెట్‌లో కనిపించే "టాప్ టెన్ డిసీజ్ రెసిస్టెంట్ రోజెస్" జాబితాలు ఇంగ్లండు వానకు, అమెరికా చలికి రాసినవి. వాటిని పట్టుకుని ఆన్‌లైన్‌లో వేలు పెట్టి మొక్కలు తెప్పించుకోవద్దని నా సలహా.

మన దగ్గరే ఎంత తేడా ఉంటుందో చెబుతాను. డబుల్ డిలైట్ అని, మీగడ రంగు రేకులకు అంచున ఎరుపు పట్టి, మంచి వాసన వచ్చే గులాబీ ఉంది. తిరుచానూరులో నా స్నేహితురాలి పెరట్లో దానికి నల్ల మచ్చ ప్రతి ఏడూ వస్తుంది, బూడిద తెగులు దాదాపు ఉండదు. అదే మొక్క మదనపల్లెలో మా చెల్లెలింట్లో డిసెంబరు, జనవరిలో చిగుళ్ళన్నీ ముడుచుకుని, పిండి చల్లినట్టు తెల్లబడిపోతుంది. మదనపల్లె తిరుపతి కంటే బాగా ఎత్తులో ఉంది, రాత్రి చలి, తేమ, పగలు పొడి ఎండ. బూడిద తెగులు శిలీంధ్రానికి ఆకు మీద నీళ్ళు అక్కర్లేదు, ఎక్కువ తడి దానికి నచ్చదు కూడా. చల్లని తేమ రాత్రి చాలు. పలమనేరు, కుప్పం వైపు గులాబీ వేసే రైతులకు కూడా చలికాలంలో పెద్ద తలనొప్పి ఇదే. అంటే మదనపల్లెవాళ్ళు "ఇది బాగా తట్టుకుంటుంది" అని చెప్పిన మొక్క నల్ల మచ్చకు తట్టుకుంటుందేమో, బూడిదకు తట్టుకుంటుందేమో, అడిగి తెలుసుకోవాలి. మీకు తిరుపతిలో కావలసింది మొదటిది.

ఇప్పుడు పేర్లు. మొట్టమొదట పన్నీరు గులాబీ. నర్సరీల్లో ఎడ్వర్డ్ రోజ్ అన్నా ఇస్తారు. లేత గులాబీ రంగు, రేకలు వదులుగా ఉంటాయి, కోసిన సాయంత్రానికే రాలిపోతాయి, వాజులో పెట్టుకోవడానికి పనికిరాదు. కానీ పొద్దున్నే కోసి దేవుడి ముందు పెట్టే పువ్వుకు ఇంతకంటే ఏం కావాలి? వాసనతో ఇల్లంతా నిండిపోతుంది. దీనికి నల్ల మచ్చ అసలు రాదని చెప్పను, ముసురులో కింద కొన్ని ఆకులు పోతాయి. ఆ వెంటనే కొత్త చిగురు వేసి పోయిన ఆకును పూడ్చుకుంటుంది. తట్టుకోవడంలో ఇది రెండో రకం. రోగాన్ని రానివ్వనిది ఒకటి, వచ్చినా కుంగిపోనిది ఒకటి. మందు కొట్టని ఇంటికి ఈ రెండోదే ఎక్కువ ఆసరా అని నా అభిప్రాయం, ఎందుకంటే కొత్త రేసు వచ్చినా దీనికి పెద్దగా పోయేదేమీ ఉండదు.

తర్వాత బటన్ గులాబీలు. చిన్న పూలు, గుత్తులు గుత్తులుగా వస్తాయి, ఎరుపు, గులాబీ రంగు రెండూ తిరుపతిలో బాగా నిలబడతాయి. మాల కట్టుకోవడానికి కూడా అనువు. ఇంకా మన జిల్లా పల్లెల్లో పాత ఇళ్ళ ముందు, బావుల దగ్గర పేరు లేని నాటు గులాబీలు ఉంటాయి. చంద్రగిరి, పాకాల వైపు వెళితే చూడండి. ముప్పై, నలభై ఏళ్ళుగా ఎవరూ పట్టించుకోకుండా ఉన్నా పూస్తూనే ఉన్న మొక్క కంటే పెద్ద పరీక్ష పాసైన మొక్క ఎక్కడ దొరుకుతుంది? ఆ ఇంటావిడను అడిగితే కొమ్మ ఇవ్వకుండా ఉండరు. పెన్సిలు లావు కొమ్మ జానెడు పొడవు కోసి, మూడు వంతుల్లో రెండు వంతులు మట్టిలోకి దించి నీడన పెడితే వానాకాలంలో తేలిగ్గా వేరు పట్టుకుంటుంది. విడిపూల కోసం బెంగళూరు హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ళు విడుదల చేసిన అర్క పరిమళ కూడా వాసన ఉన్న రకమే, దొరికితే ఒకటి పెట్టి చూడండి.

పెద్ద పూల హైబ్రిడ్లు కూడా కావాలంటే రెండు మూడు చెబుతాను. క్వీన్ ఎలిజబెత్ అని 1954 నాటి గులాబీ రంగు రకం ఉంది. ఆకు మందంగా, నిగనిగలాడుతూ ఉంటుంది, బలంగా పెరుగుతుంది. నేను చూసిన హైబ్రిడ్లలో మన నవంబరును బాగా దాటేది ఇదే. కాకపోతే మనిషెత్తు దాటుతుంది, కుండీలో కంటే నేలలో మేలు, కుండీలోనే పెడితే పెద్ద డ్రమ్ము తీసుకోండి. తెల్లపూలకు ఐస్‌బర్గ్. జర్మనీ గులాబీ నర్సరీ కోర్డెస్ వాళ్ళు 1958లో తెచ్చారు. దీనికి మచ్చ వస్తుంది, ఆకు కొంత పోతుంది, జనవరికల్లా మళ్ళీ గుబురుగా తయారై తెల్లగా పూసేస్తుంది. ఎర్ర గులాబీల్లో హోసూరు వైపు రైతులు పెంచే గ్లాడియేటర్, తాజ్ మహల్ లాంటివి పువ్వుకు మంచివే గానీ అవి మందు కొట్టే రైతు చేతిలో పెరిగేవి. మీ షరతుకు నేను వాటిని సిఫారసు చెయ్యను.

పసుపు, నారింజ రంగు హైబ్రిడ్ల మీద ఆశ ఉంటే ఒకటితో ఆపండి. గులాబీల్లో ఈ ముదురు పసుపు ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఫ్రాన్సులో లియాన్‌కు చెందిన గులాబీ పెంపకందారు పెర్నె డుషే, రోజా ఫెటిడా అనే పర్షియా పసుపు గులాబీతో సంకరం చేసి 1900లో సోలేల్ డోర్ అనే రకం విడుదల చేశాడు. ఆ రంగుతో పాటు నల్ల మచ్చకు లొంగే గుణం కూడా ఆ వంశంలోకి వచ్చిందని గులాబీ పెంపకందార్లు చాలాకాలంగా చెబుతున్నారు. ఇప్పటి కొత్త పసుపు రకాల్లో ఆ లోపాన్ని చాలావరకు సరిచేశారు. మన నర్సరీ బండ్లలో దొరికే పాత పసుపు రకాలు మాత్రం నవంబరులో ముందుగా బోడి అవుతాయి, ఇది ఇక్కడ ఎవరిని అడిగినా చెబుతారు.

దీనితో నేరుగా సంబంధం లేదు గానీ చెప్పాలనిపిస్తోంది. మన వేడికి, మన వానకు సరిపడే గులాబీలు తయారు కావాలని జీవితమంతా పెట్టినవాళ్ళు కొడైకెనాల్‌లో ఉన్న వీరరాఘవన్, గిరిజా వీరరాఘవన్ దంపతులు. ఈశాన్య కొండల్లో పెరిగే రోజా జైగాంటియా, నీళ్ళు నిలిచే చోట కూడా బతికే రోజా క్లినోఫిల్లా, ఈ రెండు మన దేశపు అడవి గులాబీలను తీసుకుని సంకరాలు చేశారు. చలి దేశాల గులాబీని ఇక్కడ బతికించడానికి మనం పడే అవస్థకు అసలు పరిష్కారం అదే దారిలో ఉందని నా నమ్మకం. అలాంటివి మామూలు నర్సరీలకు ఇంకా చేరకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

నర్సరీ మొక్క కొనేటప్పుడు అంటు ముడిని చూడండి. కింద ఉన్నది ఒక మొక్క, పైన కన్ను అంటు కట్టింది ఇంకో మొక్క. ముడి కింద నుంచి వచ్చిన పిలకలను వదిలేస్తే అవే బలిసి పైదాన్ని చంపేస్తాయి. "మా గులాబీకి ఇప్పుడు ఏ రోగమూ లేదు, కానీ పువ్వు మారిపోయింది" అని చాలామంది అంటుంటారు. మారలేదండి, పైన అంటు పోయింది, కింది నాటు మొక్క మిగిలింది.

ఇక తిరుపతిలో గులాబీని నిజంగా చంపేది నల్ల మచ్చ కాదు, కొమ్మ ఎండు తెగులు. కత్తిరించిన చివర నుంచి కొమ్మ నల్లబడుతూ కిందికి దిగుతుంది, మొదలు దాకా పోయిందంటే మొక్క దక్కదు. హైబ్రిడ్లలో దీన్ని పూర్తిగా తట్టుకునేది నేను చూడలేదు. దీనికి రకం కంటే కత్తిరించే కాలం ముఖ్యం. బెంగళూరు లెక్క చూసి, యూట్యూబు చూసి చాలామంది అక్టోబరులో కత్తెర పట్టుకుంటారు. ఇక్కడ అక్టోబరులో కత్తిరిస్తే పచ్చి గాయాల మీద నెలన్నర వాన పడుతుంది. లేత చిగురు సరిగ్గా ముసురు వేళకు వస్తుంది, నల్ల మచ్చకూ అదే కావాలి. డిసెంబరు మూడో వారం దాకా ఆగండి. వానలు తగ్గి, రెండు మూడు రోజులు పొడిగా ఎండ కాసిన తర్వాత కత్తిరించండి. నల్లబడిన కొమ్మను, మధ్యలో బెండు తెల్లగా కనిపించేదాకా కిందికి తెగ్గొట్టాలి. బయటివైపు చూసే కంటికి (చిగురు వచ్చే కణుపుకు) పావు అంగుళం పైన ఏటవాలుగా కోయండి. ఒక్కో మొక్కకూ కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. కోసిన చివరలకు కాపర్ ఆక్సీక్లోరైడు అనే రాగి మందును కొద్ది నీళ్ళలో ముద్దలా కలిపి పూయండి. వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం లీటరు నీళ్ళలో కలిపిన బోర్డో పేస్టు ఇంకా మంచిది. పసుపు ముద్ద పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు, సన్న కొమ్మలకు సరిపోతుంది, లావు కొమ్మలకు దాన్ని నమ్ముకోవద్దు.

మందు వద్దన్నారు, దాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెబుతాను. ఇలా కత్తిరించిన రోజున మొక్క మీద పువ్వూ ఉండదు, మొగ్గా ఉండదు. ఆ ఒక్కరోజు లీటరుకు మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి కొమ్మలు తడిసేలా కొట్టి, పిల్లలను మిద్దె మీదికి రానివ్వకుండా చూసుకుంటే, కొమ్మల మీద దాక్కున్న బీజాలు చాలావరకు పోతాయి. మళ్ళీ పువ్వు వచ్చేది ఆరేడు వారాల తర్వాతే. అది కూడా వద్దనుకుంటే మానెయ్యండి, కానీ రాలిన ఆకులను మాత్రం ఒక్కటి కూడా కుండీలో ఉంచవద్దు. ఏరి చెత్తబండికి ఇవ్వండి, కంపోస్టులో వెయ్యకండి. వేపనూనె గురించి అందరూ చెబుతారు. ఎర్రనల్లికి, పొలుసు పురుగుకు, కొంతవరకు బూడిదకు పనిచేస్తుంది. నల్ల మచ్చ ఒకసారి పట్టాక దానితో ఆగడం నేను చూడలేదు. వంటసోడా కూడా అంతే. గంధకం బూడిదకు మంచి మందు, అయితే 32 డిగ్రీలు దాటిన ఎండలో ఆకు మాడిపోతుంది, తిరుపతిలో ఫిబ్రవరి దాటాక దాని జోలికి పోవద్దు.

చినుకు చిందడం ఆపితే సగం పని అయినట్టే. కుండీ మట్టి మీద రెండంగుళాల మందాన వేరుశనగ పొట్టు పరవండి. మన జిల్లాలో దానికి కొదవ లేదు, మిల్లుల దగ్గర మూటల లెక్కన ఇస్తారు. వేసవిలో అదే వేరుకు చల్లదనం. అక్టోబరు రాకముందే కింద అడుగు ఎత్తు వరకు ఉన్న సన్న కొమ్మలు, ముసలి ఆకులు తీసేస్తే గాలి ఆడుతుంది. ఇది పెద్ద కత్తిరింపు కాదు, ఆకులు గిల్లడం, పొడి రోజున చెయ్యండి. కుండీకీ కుండీకీ రెండడుగుల ఎడం ఉండాలి, పిట్టగోడకు ఆనించకూడదు. నీళ్ళు పొద్దున్నే, ఆకు తడవకుండా మొక్క మొదట్లోనే పొయ్యాలి. వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు సెప్టెంబరు మధ్యలో ఆపెయ్యండి, వానాకాలంలో మెత్తటి చిగురు ఎక్కువైతే తెగులుకు మేత వేసినట్టే.

వేసవిలో ఆకులు పాలిపోతే తెగులని కంగారుపడకండి. ఆకు అడుగున సన్నటి సాలెగూడులా ఉండి, ఆకు కంచు రంగుకు తిరిగితే ఎర్రనల్లి. దానికి పొద్దున్నే ఆకు అడుగుకు తగిలేలా పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టండి. ఏప్రిల్, మేలో ఆకు గంటలోపే ఆరిపోతుంది కాబట్టి నల్ల మచ్చ భయం లేదు. ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపైతే అది బోరు నీళ్ళ ఉప్పు వల్ల ఇనుము అందకపోవడం. వాన నీళ్ళు పట్టి పెట్టుకుని పొయ్యండి, లేదా చిలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే ఇనుము) కొద్దిగా ఇవ్వండి. మొగ్గలు విచ్చకుండా అంచులు గోధుమరంగుకు మారి, చిగుళ్ళు మెలిపడితే తామర పురుగు. అలాంటి మొగ్గలను గిల్లి కవరులో మూట కట్టి పారెయ్యండి.

ఇప్పుడు మీ ఎనిమిది కుండీల సంగతి. రాలిన ఆకులు ఈ రోజే ఏరెయ్యండి. డిసెంబరు మూడో వారంలో కత్తిరించండి. చిగురు వేసిన వాటిని వచ్చే నవంబరు దాకా చూడండి, కుండీల మీద పేర్లు రాసి పెట్టుకోండి. ఎన్ని ఆకులు నిలిచాయో ఫోన్లో ఫొటో తీసుకోండి. ఈలోగా రెండు పన్నీరు గులాబీలు, ఒక బటన్ గులాబీ తెచ్చి ఎండ బాగా పడే వైపు పెట్టండి, పూజకు లోటుండదు. మళ్ళీ ముసురులో పూర్తిగా బోడి అయిన హైబ్రిడ్లను అప్పుడు తీసెయ్యండి, వాటి కుండీలు ఖాళీగా ఉంటాయి కదా, మీ వీధిలో అప్పటికి పచ్చగా ఉన్న మొక్క నుంచి కొమ్మ అడిగి నాటండి. కత్తిరించాక చిగురు రాకపోయినా, కొమ్మ నల్లబడటం ఆగకపోయినా అంటు ముడి కనిపించేలా ఫొటో పెట్టండి, చూసి చెబుతాను.